కారు వణుకుతోందా? ఇంజిన్ లైట్ మెరుస్తోందా? అయితే వెంటనే ఆపండి!

కామవరపుకోట నుంచి గుంటుపల్లి గుహలకో, ద్వారకా తిరుమలకో బయల్దేరారు. దారిలో కారు వణుకుతోంది.. పికప్ లేదు.. మీటర్‌లో చెక్ ఇంజిన్ లైట్ మెరుస్తోంది. ఇదే మిస్‌ఫైర్. అంటే ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండట్లేదు. మూడు సిలిండర్ల చిన్న కార్లలో ఈ వణుకు ఇంకా బాగా తెలుస్తుంది.

లైట్ నిలకడగా వెలుగుతుంటే నెమ్మదిగా మెకానిక్ దగ్గరికి వెళ్లొచ్చు. మెరుస్తుంటే మాత్రం పక్కకు ఆపేయాల్సిందే. మండని పెట్రోల్ సైలెన్సర్ వైపు వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడు చేస్తుంది. ప్లగ్ మార్చుకుంటే పోయేదానికి వేలకు వేలు వదులుతాయి!

ఏ సిలిండర్ అన్నది స్కానర్ చెబుతుంది. పీ0302 వస్తే రెండోది. పీ0300 అయితే ఫలానాదని తేలలేదన్నమాట. చాలామంది ఇక్కడే తొందరపడి ప్లగ్‌లు, కాయిల్స్ అన్నీ మార్పించేస్తారు. అంత అవసరం లేదు. ప్లగ్‌కో కాయిల్ ఉండే కారైతే, ఇంజిన్ ఆపి రెండో సిలిండర్ కాయిల్‌ను మూడోదానికి, మూడోదాన్ని రెండోదానికి బిగించి, పాత కోడ్ చెరిపి మళ్లీ నడిపి చూడాలి. కోడ్ పీ0303కి మారిందా? కాయిలే దొంగ! మారకపోతే ప్లగ్‌తోనూ అలాగే చేయాలి. ఆ తర్వాతే ఇంజెక్టర్, చివర్లో కంప్రెషన్ టెస్ట్.

బంకులో పెట్రోల్ కొట్టించిన కాసేపటికే వణుకు మొదలైతే మాత్రం.. ట్యాంకులో నీళ్లు చేరాయేమో ముందు అది చూపించాలి.