కలరా ఉండ నీళ్ళల్లో కరుగుతుందా?

పసిబిడ్డ ఉన్న ప్రతి ఇల్లాలికీ తెలియాల్సిన చిన్న లెక్క

చంటిపిల్లల ఉన్నిటోపీలు, స్వెట్టర్లు, దుప్పట్లు మరో కాన్పుకు పనికొస్తాయని పెట్టెలో దాచుకుంటాం. పురుగు పట్టకుండా మడతల మధ్య నాలుగు కలరా ఉండలు వేస్తాం. అవసరం రాగానే బయటికి తీసి, "ఒకసారి నీళ్ళల్లో జాడిస్తే సరి" అనుకుంటాం. నిజంగా సరిపోతుందా? కలరా ఉండల్లో చాలాకాలంగా వాడుతున్న పదార్థం నాఫ్తలీన్. అది నీళ్ళల్లో ఎంత కరుగుతుందో తెలిస్తే మీకే జవాబు దొరుకుతుంది.

కరిగినట్టు కనిపిస్తే కరిగినట్టేనా?

20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీళ్ళు సుమారు 2 కిలోల పంచదారను కరిగించుకుంటాయి. ఉప్పయితే 360 గ్రాముల దాకా. ఇంకా వేస్తే అడుక్కి చేరుతుంది. ఇలాంటివాటిని కొలవడం తేలిక. కానీ గ్లాసు నీళ్ళల్లో చిటికెడు పసుపు కలిపి చూడండి. నీళ్ళు పచ్చగా మారగానే కరిగిపోయిందనిపిస్తుంది. కాసేపు కదపకుండా ఉంచితే పొడి అడుగున తేరుకుంటుంది. అంటే అది కరగలేదు, తేలుతూ ఉందంతే! నాఫ్తలీన్ లాంటివాటిని కొలిచేటప్పుడు వచ్చే చిక్కూ ఇదే. కంటికి కనిపించని నలుసు ఒక్కటి నీళ్ళల్లో మిగిలినా లెక్క తప్పుతుంది.

అందుకే ప్రయోగశాలల్లో దీనికో పద్ధతుంది. 1995లో సవరించిన ఓ.ఇ.సి.డి. 105వ మార్గదర్శకం ప్రకారం మూడు సీసాల్లో నీళ్ళు పోసి, కరిగేదానికంటే దాదాపు అయిదు రెట్లు ఎక్కువ పదార్థం వేస్తారు. 30 డిగ్రీల వేడిలో కదుపుతారు. మొదటి సీసాను ఒక రోజు, రెండోదాన్ని రెండు రోజులు, మూడోదాన్ని మూడు రోజులు అలా ఉంచి, ఒక్కోదాన్నీ మరో రోజు 20 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచుతారు. తర్వాత గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి కరగని నలుసుల్ని వేరుచేస్తారు. పైన తేరిన నీళ్ళల్లో ఎంత పదార్థం ఉందో పరికరాలతో కొలుస్తారు. చివరి రెండు సీసాల లెక్కలు దాదాపు ఒకటైతేనే ఆ అంకెను నమ్ముతారు. నాఫ్తలీన్ గాలిలోకి ఆవిరైపోయే రకం కాబట్టి మూత గట్టిగా బిగించి ఉంచాలి కూడా.

ఇక లీటరుకు 10 మిల్లీగ్రాములు కూడా కరగని మొండి పదార్థాలకు వేరే దారి. సన్నని గాజుపూసలకు ఆ పదార్థం పూతగా పట్టించి గొట్టంలో నింపి, నీళ్ళను మెల్లగా పంపుతారు, మన ఇంట్లో ఫిల్టరులో కాఫీ డికాక్షను దిగినట్టు. కదపడం ఉండదు కాబట్టి నలుసులు లేచే బెడద తక్కువ.

అంకె చెప్పే సంగతి

ఇంతా చేసి కొలిస్తే, 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళల్లో కరిగే నాఫ్తలీన్ సుమారు 31 మిల్లీగ్రాములే! అంటే 15 లీటర్ల బకెట్టు నిండా నీళ్ళు పోసినా అర గ్రాము కూడా కరగదు. 4 గ్రాముల ఉండ ఒక్కటి కరగాలంటే దాదాపు 130 లీటర్లు కావాలి. అదే నూనెలాంటి జిడ్డు పదార్థం దొరికితే నాఫ్తలీన్ నీటికంటే వేల రెట్లు ఎక్కువగా అందులోకి చేరిపోతుంది.

మనం జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. పసివాళ్ళకి ఒళ్ళంతా నూనె రాసి, కలరా ఉండల వాసన పట్టిన బట్టలో చుట్టామనుకోండి, ఆ నూనె మందును చర్మం లోపలికి తేలిగ్గా చేరవేస్తుంది. జి-6-పి.డి. అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండే పిల్లలు కొందరుంటారు. మగపిల్లల్లో ఇది ఎక్కువ. అలాంటివారికి నాఫ్తలీన్ తగిలితే ఎర్ర రక్తకణాలు చిట్లిపోయి కామెర్లు వస్తాయి. అవి ముదిరితే నెలల బిడ్డ మెదడుకే ప్రమాదం. బిడ్డకి ఆ లోపం ఉందో లేదో చూసి చెప్పలేం కదా!

ఇలా చేయండి

పసిబిడ్డల బట్టల్లో కలరా ఉండలు అసలు వేయకండి. బాగా ఉతికి, ఎండలో ఆరబెట్టి, బిగుతు మూత ఉన్న డబ్బాలో దాచితే చాలు. ఇప్పటికే ఉండలు వేసి ఉంటే, ముందు బట్టల్ని విడివిడిగా పరిచి, గాలీ ఎండా తగిలేచోట కొన్ని రోజులు ఆరేయండి. నీటికి లొంగని నాఫ్తలీన్ గాలికి ఎగిరిపోతుంది. ఆ తర్వాత సబ్బు నీళ్ళతో ఉతకండి. వాసన ఏమాత్రం మిగిలినా బిడ్డకి వేయకండి.

పాకే పిల్లలు తెల్లటి ఉండను చూసి పిప్పరమెంటు అనుకుని నోట్లో పెట్టుకుంటారు. మింగితే విరుగుడని పాలు, నెయ్యి, నూనె పట్టకండి. కొవ్వులో అది ఇంకా తేలిగ్గా కరిగి ఒంటికి పడుతుంది. వాంతి చేయించే ప్రయత్నమూ వద్దు. ఉండల ప్యాకెట్టు చేత్తో పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, బిడ్డ పాలిపోయి నీరసంగా ఉన్నా, ఇంట్లో కలరా ఉండలు వాడిన సంగతి డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి. మీరు చెప్పే ఆ ఒక్క ముక్క వైద్యానికి ఎంతో సాయపడుతుంది.