వాద్యం లేని విద్వాంసుడు

కర్ణాటక సంగీత కచేరీని గాయకుడో, వైణికుడో ముందుండి నడిపిస్తాడు. పక్కవాద్యాలవారు అతని మనోధర్మాన్ని అనుసరిస్తారు. పాశ్చాత్య సింఫనీ వాద్యబృందం తీరు వేరు. అందులో వందమంది వరకు వాద్యకారులుంటారు. ఒక్కొక్కరి ఎదుట తాము వాయించవలసిన భాగం మాత్రమే ఉంటుంది. రచన మొత్తాన్ని చూపే స్వరలిపి ప్రతి, అనగా స్కోరు, సంచాలకుని ఎదుట ఉంటుంది. అతడు ఒక్క స్వరమైనా పలికించడు; అయినా అందరి స్వరాలకూ బాధ్యుడతడే.

ఈ విద్యలోని కష్టం ఇక్కడే ఉంది. వయొలిన్ విద్యార్థి తన గదిలో ఒంటరిగా సాధన చేసుకోగలడు. సంచాలక విద్యార్థికి మనుషుల సమూహమే వాద్యం. అది కోరినప్పుడల్లా లభించదు.

ఈ విద్యకోసం మన దేశం నుండి వెళ్లినవారిలో జుబిన్ మెహతా సుప్రసిద్ధులు. ఆయన 1936లో బొంబాయిలో పార్శీ కుటుంబంలో జన్మించారు. తండ్రి మేలీ మెహతా వయొలిన్ విద్వాంసుడు. బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రా స్థాపకుడు. జుబిన్ వైద్యవిద్యకు ఉపక్రమించి, మనసు నిలువక విరమించి, 1954లో పద్దెనిమిదేళ్ల వయసులో వియన్నా సంగీత అకాడమీలో చేరారు.

అక్కడ ఆయన గురువు హాన్స్ స్వరోవ్‌స్కీ. రచన నిర్మాణాన్ని క్షుణ్ణంగా విశ్లేషించడం ఆయన బోధనకు మూలం. పెద్ద స్కోరులో ఒకే పుటపై ఇరవైకి పైగా పంక్తులు ఉండవచ్చు. ఫ్లూటులు పైన, డబుల్ బాస్‌లు అడుగున ఉంటాయి. క్లారినెట్ వంటి వాద్యాలకు వ్రాసిన స్వరం వేరు, వినిపించే స్వరం వేరు. వాటన్నింటినీ విద్యార్థి మనసులోనే వినగలగాలి. ఆ తరువాతనే చేతుల పని. సాధారణంగా కుడిచేతి కర్ర తాళగతిని చూపుతుంది. ఎడమచేయి నాదపు హెచ్చుతగ్గులను, వాద్యాల ప్రవేశాన్ని సూచిస్తుంది. సంజ్ఞ స్వరానికి ఒక మాత్ర ముందే అందాలి. అప్పుడే ఊదే వాద్యకారులు ఊపిరి తీసుకోగలుగుతారు.

జుబిన్ అకాడమీలో డబుల్ బాస్ కూడా నేర్చుకొని, వాద్యకారుల కష్టసుఖాలను తెలుసుకున్నారు. గొప్ప సంచాలకుల సాధనలను చూసేందుకు విద్యార్థులకు ప్రవేశం లభించేది కాదు. అందువల్ల ఆయన, సహాధ్యాయి క్లాడియో అబ్బాడో ఒక బృందగాన సంఘంలో గాయకులుగా చేరారు. పాడుతూనే బ్రూనో వాల్టర్, కారయాన్ వంటివారి పద్ధతులను ఎదుటనుండి పరిశీలించారు.

1956లో హంగేరీ తిరుగుబాటు అణచివేతకు గురికాగా శరణార్థులు ఆస్ట్రియాకు తరలివచ్చారు. జుబిన్ వారం రోజుల్లో విద్యార్థులతో ఒక వాద్యబృందాన్ని కూర్చి, వియన్నా వెలుపలి శిబిరంలో వారికోసం కచేరీ నిర్వహించారు. కోరినప్పుడు లభించని వాద్యాన్ని ఆ యువకుడు తానే సమకూర్చుకున్నాడు. సొంత గడ్డకు దూరమైనవారికి దానితో ఊరట కలిగించాడు.

1958లో లివర్‌పూల్ అంతర్జాతీయ సంచాలకుల పోటీలో ఆయన ప్రథమ స్థానం పొందారు. 1962లో లాస్ ఏంజిలిస్ ఫిల్‌హార్మోనిక్ సంగీత దర్శకులయ్యారు. 2001లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్‌తో సత్కరించింది. పదిమందిని నడిపించదలచినవాడు ముందుగా వారి మధ్య నిలిచి వినడం నేర్చుకోవాలని ఆయన విద్యార్థి జీవితం తెలుపుతున్నది.