నార్మల్ డెలివరీకి దారి చూపే నర్సులు.. ఇంతకీ మిడ్‌వైఫ్ ఏం చేస్తారు?

కాన్పు అంటే ఆపరేషనే అన్నట్టు తయారైంది పరిస్థితి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రతి 100 కాన్పుల్లో దాదాపు 61 సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతమే. రాష్ట్రంలోని ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే ఏకంగా 81.5 శాతం! ముహూర్తం చూసుకుని మరీ ఆపరేషన్ చేయించుకునేవాళ్లూ ఉన్నారు. ఈ లెక్క మార్చే పనిలో ఇప్పుడు నర్సులదే కీలక పాత్ర.

ఎలా మొదలైంది?

2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ సహకారంతో కరీంనగర్‌లో 30 మంది నర్సులకు ప్రభుత్వం మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. కోర్సు 18 నెలలు. 2018 చివర్లో కేంద్రం కూడా దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది.

లేబర్ రూమ్‌లో ఏం చేస్తారు?

నొప్పులు మొదలైన గర్భిణిని మంచానికే పరిమితం చేయరు. నడిపిస్తారు, శ్వాస వ్యాయామాలు చేయిస్తారు, భయం పోగొడతారు. బిడ్డ గుండె చప్పుడు, తల్లి బీపీ ఎప్పటికప్పుడు చూస్తారు. అంతా సవ్యంగా ఉంటే కాన్పు వాళ్లే చేస్తారు. తేడా కనిపిస్తే వెంటనే డాక్టర్‌ను పిలుస్తారు. అంటే డాక్టర్‌కు పోటీ కాదు.. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు పిలవాలో తెలిసిన లీడర్ అన్నమాట.

కల్లూరు వైపు ఎందుకు ముఖ్యం?

కల్లూరు నుంచి భద్రాచలం అడవి అంచు దాకా కూలి పనుల మీద బతికే కుటుంబాలే ఎక్కువ. ఆపరేషన్ అయితే ఖర్చుతో పాటు కోలుకునే రోజులూ పెరుగుతాయి. తర్వాతి కాన్పులో రిస్క్ కూడా ఉంటుంది. అలాగని అవసరమైన సిజేరియన్‌ను వద్దనకూడదు, అది ప్రాణాలు కాపాడుతుంది.

అసలు సవాల్ ఇదే

2023లో రాష్ట్రంలో స్టాఫ్ నర్సుల హోదా నర్సింగ్ ఆఫీసర్‌గా మారింది. పేరు మారితే సరిపోదు. శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌ను వేరే వార్డు డ్యూటీకి పంపితే ఆ 18 నెలల కష్టం వృథానే. లేబర్ రూమ్‌లో నిర్ణయం తీసుకునే అవకాశం ఇవ్వాలి.

గర్భిణులు ఏం చేయాలి?

చెకప్‌లు మానొద్దు. ఆస్పత్రిలో మిడ్‌వైఫ్ ఉన్నారా అని మీ ఊరి ఆశా కార్యకర్తనో, ఏఎన్ఎంనో ముందే అడగండి. ఆపరేషన్ అంటే ఎందుకో వివరంగా తెలుసుకోండి. రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పి, ఫిట్స్, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం లాంటివి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.