స్వతంత్ర మంత్రసానికి ఇల్లే అండ, ఇల్లే అడ్డంకి

పాకిస్థాన్ గ్రామాల్లో ప్రసూతి మరణాలను తగ్గించే లక్ష్యంతో ఆ దేశ ప్రభుత్వం 2006-07లో ఒక భారీ పథకాన్ని చేపట్టింది. పదో తరగతి చదివిన పల్లె యువతులను 12,000 మంది వరకు ఎంపిక చేసి, 18 నెలలపాటు ప్రసూతి విద్యలో శిక్షణ ఇచ్చి, తిరిగి వారి సొంత గ్రామాలకే పంపాలన్నది ఆ పథకంలోని ముఖ్యాంశం. వారికి పెట్టిన పేరు కమ్యూనిటీ మిడ్‌వైఫ్. వారు ప్రభుత్వోద్యోగులు కారు. సొంత ఇంట్లోనే ఒక గదిని కాన్పుల గదిగా మార్చుకుని, వచ్చిన గర్భిణుల నుంచి రుసుము తీసుకుంటూ స్వతంత్రంగా వృత్తి సాగించాలి. నిలదొక్కుకునే వరకు ఆసరాగా ఉంటుందని తొలి సంవత్సరాల్లో నెలకు 2,000 పాకిస్థానీ రూపాయల భృతిని మాత్రం ప్రభుత్వం నిర్ణయించింది.

కాగితం మీద ఇది చక్కని ఆలోచనే. గర్భిణికి ఊళ్లోనే చదువుకున్న మంత్రసాని దొరుకుతుంది, చదువుకున్న యువతికి ఊళ్లోనే ఉపాధి దొరుకుతుంది. కానీ ధ్రువపత్రం చేతికందిన వారిలో అనేకమంది ఆ తర్వాత కాన్పులు చేయనే లేదు. చేసినవారిలోనూ చాలామందికి నెలకు ఒకటీ అరా మించి రాలేదు. కారణాలను అన్వేషించిన పరిశోధకులకు శిక్షణలో లోపాలు కనిపించిన మాట నిజమే. చేతి అనుభవం చాలనివారు కొందరున్నారు. అయితే వృత్తి సాగడమా, ఆగడమా అన్నది అనేక సందర్భాల్లో తేలింది ఆస్పత్రిలో కాదు, మంత్రసాని సొంత ఇంట్లో.

దాయి వయసు వేరు

ఉపఖండంలో తరతరాలుగా కాన్పులు చేస్తూ వచ్చిన దాయి సాధారణంగా నడివయసు దాటిన స్త్రీ. ఆమె సొంత కాన్పులు ఏనాడో ముగిసిపోయి ఉంటాయి. పిల్లలు చేతికి అంది వచ్చి ఉంటారు. వంటిల్లు కోడలి చేతుల్లో ఉంటుంది. అర్ధరాత్రి ఎవరు వచ్చి తలుపు తట్టినా బయలుదేరి వెళ్లడానికి ఆమెను ఆపేవారు ఉండరు. వెళ్లినచోట రెండు రోజులు ఉండిపోయినా ఇంట్లో పొయ్యి ఆరదు.

తెలుగు పల్లెల్లో మంత్రసానుల సంగతీ ఇంచుమించు ఇదే. ఎక్కువగా మంగలి కుటుంబాలకు చెందిన ఈ స్త్రీలు తల్లి వద్దనో, అత్త వద్దనో పని నేర్చుకునేవారు. ధాన్యం, చీర, తాంబూలం రూపంలో ప్రతిఫలం పుచ్చుకునేవారు. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాల్సిందేనన్న సామెత ఈ వృత్తిలోని కష్టం నుంచే పుట్టింది. సంసార బాధ్యతలు చాలావరకు తీరిన వయసులోనే వారికి పేరూ, పనీ ఎక్కువగా ఉండేవి. వృత్తికీ, కుటుంబానికీ మధ్య తగవును పాత వ్యవస్థ ఈ విధంగా వయసుతోనే పరిష్కరించుకుంది. ఆ పరిష్కారాన్ని ఎవరూ పథకం వేసి రూపొందించలేదు గనుక, కొత్త పథకం వేసినవారి దృష్టికి కూడా అది రాలేదనుకోవాలి.

పాకిస్థాన్ పథకం ఎంచుకున్నది 18 నుంచి 35 ఏళ్ల మధ్య వయస్కులను. వివాహితలకు ప్రాధాన్యమివ్వాలని నిబంధనల్లో ఉన్నా, పల్లెల్లో పదో తరగతి దాటిన స్త్రీలలో చిన్న వయసువారే ఎక్కువ కావడంతో పెళ్లికాని అమ్మాయిలు చాలామంది శిక్షణకు వచ్చారు. పెళ్లికాని పిల్లను రాత్రివేళ పరాయి ఇంటికి పంపడానికి తల్లిదండ్రులు ఇష్టపడలేదు. ప్రసవమంటే ఏమిటో స్వయంగా ఎరుగని పిల్ల మాటను గర్భిణులూ, వారి అత్తలూ ఖాతరు చేయలేదు. ఇక పెళ్లయితే అమ్మాయి అత్తవారి ఊరికి వెళ్లిపోతుంది. ఏ ఊరి కోసం ప్రభుత్వం 18 నెలలు ఖర్చు పెట్టిందో ఆ ఊరికి ఆమె సేవలు దక్కవు. వెళ్లిన ఊళ్లో ఆమె కొత్త కోడలు. గడప దాటడానికే అనుమతి కావాలి.

వేళాపాళా లేని పని

ఈ వృత్తికి ఉన్న మరో చిక్కు పనివేళలు. నెలలు నిండిన కాన్పు అంటే 37 వారాలు పూర్తయిన నాటి నుంచి 42 వారాల లోపు ఎప్పుడైనా రావచ్చు. అంటే ఒక్కొక్క గర్భిణి కోసం మంత్రసాని సుమారు ఐదు వారాలు పిలుపునకు సిద్ధంగా ఉండాలి. నెలకు నాలుగు కాన్పులు ఒప్పుకున్న మంత్రసానికి ఈ ఐదేసి వారాలు ఒకదానిపై ఒకటి పడి, సంవత్సరమంతా ఒక్క రోజు కూడా ఖాళీ మిగలదు. ఊళ్లో పెళ్లి, పుట్టింట పండుగ, సొంత బిడ్డకు జ్వరం ఏదైనా ఆ పిలుపు తర్వాతే. తొలిచూలు కాన్పులో నొప్పులు మొదలై బిడ్డ భూమి మీద పడేసరికి పగలూ రాత్రీ గడిచిపోవడం మామూలే. ఆ తర్వాత కూడా రక్తస్రావం ప్రమాదం తొలగేవరకు బాలింతను వదిలి రాకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం గర్భిణికి కాన్పుకు ముందు ఎనిమిదిసార్లు పరీక్షలు జరగాలి. 2022 సిఫారసుల ప్రకారం కాన్పు తర్వాత ఆరు వారాల్లో కనీసం నాలుగుసార్లు తల్లినీ, బిడ్డనూ చూడాలి. ఈ పన్నెండింటికీ పల్లెల్లో డబ్బు చెల్లించేవారు అరుదు. కాన్పుకు ఇచ్చేదే ఇచ్చినట్లు. అందులోనూ దాయికి సంతోషంగా ఇచ్చే బహుమానం తప్ప రుసుము అనే మాటకు గ్రామీణులు అలవాటు పడలేదు. బిడ్డ మగా, ఆడా అన్నదాన్ని బట్టి ఆ బహుమానం మారే ఆచారం ఉపఖండంలో చాలాచోట్ల ఉన్నదే. పైగా వచ్చేవారిలో సగంమంది బంధువులు, ఇరుగుపొరుగువారు. వదిన వరస అయ్యే మనిషి వద్ద లెక్కకట్టి డబ్బు అడిగితే మాట పోతుంది, అడగకపోతే పొయ్యి మండదు.

ఇంట్లోనే కాన్పుల గది అన్న ఏర్పాటు బయటికి సౌకర్యంగా కనిపిస్తుంది. రెండు గదుల ఇంట్లో ఒకటి మంచానికీ, పరికరాలకూ పోతే అత్తమామలు, పిల్లలు సర్దుకోవాల్సింది మిగిలిన ఒక్క గదిలోనే. పరికరాలు మరిగేదీ, ఇంటిల్లిపాదికీ వంట జరిగేదీ ఒకే పొయ్యి మీద. నెత్తుటి గుడ్డలు ఉతికే చెయ్యీ, రొట్టెలు కాల్చే చెయ్యీ ఒకటే. గర్భిణితో వచ్చిన మగవారు వాకిట్లో గంటల తరబడి కూర్చుంటే పరదా పాటించే ఇంట్లో అదొక ఇబ్బంది. పైకులాలవారు కిందికులపు మంత్రసాని ఇంటికి రావడానికి సందేహించిన ఉదంతాలూ పరిశీలనల్లో నమోదయ్యాయి.

మోటారు సైకిల్ మీద మగడు

ఇన్ని అడ్డంకుల మధ్యా కొందరు నిలదొక్కుకున్నారు. పంజాబ్ రాష్ట్రంలోని ఝేలం, లయ్యా జిల్లాల్లో ఇటువంటి వారిని పరిశీలించిన పరిశోధకులు ఆసక్తికరమైన విషయాన్ని గమనించారు. విజయం సాధించినవారు ప్రధానంగా ఆదాయం అవసరమైన కుటుంబాల స్త్రీలు. భార్య సంపాదిస్తే తప్ప గడవని ఇంట్లో ఆమె వృత్తి ఇంటిల్లిపాది వృత్తి అయింది. రాత్రి పిలుపు వస్తే భర్తో, తండ్రో మోటారు సైకిల్ మీద తీసుకువెళతాడు, కాన్పు అయ్యేవరకు వేచి ఉండి వెనక్కి తీసుకువస్తాడు. ఆమె లేని సమయంలో పిల్లలను ఇంట్లోవారు చూసుకుంటారు. కాన్పుల గదికి చోటు ఇవ్వడం కూడా కుటుంబం కలిసి తీసుకున్న నిర్ణయమే.

స్వతంత్ర వృత్తి అని పథకంలో రాసుకున్నది ఆచరణలో కుటుంబ వ్యాపారమన్న మాట. చిన్న కిరాణా దుకాణం కూడా ఇలాగే నడుస్తుంది. కాకపోతే దుకాణానికి రాత్రి తొమ్మిదింటికి తలుపు మూయవచ్చు. కలిగిన ఇళ్ల అమ్మాయిలకు ఈ అవసరం లేదు. పరువు పోతుందన్న భయం మాత్రం ఉంది. చదువు దృష్ట్యా ఎంపికలో ముందుండే వీలు వారికే ఎక్కువ, పని మానుకునే వీలూ వారికే ఎక్కువ.

ప్రభుత్వ భృతి కూడా నమ్మదగిన ఆసరా కాలేకపోయింది. 2010లో జరిగిన 18వ రాజ్యాంగ సవరణతో ఆరోగ్య శాఖ బాధ్యతలు రాష్ట్రాలకు బదిలీ అయ్యాయి. 2011లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖనే రద్దు చేశారు. ఆ బదిలీల గందరగోళంలో భృతి చెల్లింపులు ఆలస్యమయ్యాయి. అదే దేశంలో 1994లో మొదలైన లేడీ హెల్త్ వర్కర్ల పథకం కథ వేరు. ఇంటింటికీ తిరిగి సలహాలిచ్చే ఈ కార్యకర్తలు కాన్పులు చేయరు. సుమారు లక్షమంది ఉన్న వీరు ఏళ్ల తరబడి పోరాడగా, 2012లో సుప్రీంకోర్టు ఆదేశాలతో వారి ఉద్యోగాల క్రమబద్ధీకరణకు దారి ఏర్పడింది. నెల తిరిగేసరికి జీతం తెచ్చే కోడలు పొద్దుపోయి ఇంటికి చేరినా అత్తలు సర్దుకుపోతారు. రావచ్చో, రాకపోవచ్చో తెలియని రుసుము కోసం రాత్రంతా బయట గడిపే కోడలి విషయంలో అంత ఓర్పు ఉండదు.

కాగా, మొత్తం మీద పాకిస్థాన్‌లో పరిస్థితి మెరుగుపడింది. లక్ష సజీవ జననాలకు ప్రసూతి మరణాలు 2006-07లో 276 ఉండగా 2019 నాటి సర్వేలో 186గా తేలాయి. శిక్షితుల చేతుల మీదుగా జరిగే కాన్పులు ఇదే ఆరంభ సంవత్సరంలో 39 శాతం ఉండి, 2017-18 నాటికి 69 శాతానికి పెరిగాయి. అయితే ఈ పెరుగుదలలో అత్యధిక భాగం ఆస్పత్రులది. మంత్రసాని ఇంటి ముంగిట పడాల్సిన అడుగులు పట్నం వైద్యశాలల వైపు మళ్లాయి.

పొరుగు దేశాల దారులు

శ్రీలంక ఈ చిక్కును చాలాకాలం క్రితమే వేరొక మార్గంలో విడదీసుకుంది. 1926లో కలుతరలో ప్రారంభమైన ఆరోగ్య విభాగంతో అక్కడ ప్రజారోగ్య మంత్రసానుల వ్యవస్థ రూపుదిద్దుకుంది. ఒక్కొక్కరికి సుమారు 3,000 జనాభా గల ప్రాంతాన్ని అప్పగిస్తారు. ఆమె ఆ ప్రాంతంలోనే నివసిస్తుంది, ప్రభుత్వం నుంచి జీతం తీసుకుంటుంది. ఇతర ప్రభుత్వోద్యోగినుల మాదిరిగానే తన కాన్పుకు 84 పని దినాల పూర్తి వేతన సెలవు పొందుతుంది. కాన్పులు దాదాపు అన్నీ ఆస్పత్రులకు మారిపోవడంతో ఆమెకు రాత్రి పిలుపులు తగ్గి, ఇళ్లు తిరిగి గర్భిణులనూ, బాలింతలనూ చూసే పని మిగిలింది. 2010వ దశకంలో ఆ దేశపు ప్రసూతి మరణాల రేటు 40కి లోపే ఉంది. ఆమెకు స్వతంత్రం లేదనవచ్చు గాని, ఆదివారం ఉంది.

బంగ్లాదేశ్ 2010లో ఐక్యరాజ్యసమితి వేదిక మీద 3,000 మంది మంత్రసానులను తయారుచేస్తామని ప్రకటించి, అనంతరం మూడేళ్ల డిప్లొమా కోర్సు ప్రారంభించింది. 2018 నుంచి వారిని ఉపజిల్లా ఆస్పత్రుల్లో నియమిస్తూ వచ్చింది. అక్కడి సమస్య వేరు. జీతం ఉంది, గంటల లెక్కా ఉంది, కానీ ఇల్లు దూరం.

భారతదేశంలో ఏఎన్ఎం అన్న మూడక్షరాల్లో చివరిది మంత్రసాని పనికి సంకేతమే. కర్తార్ సింగ్ కమిటీ 1973లో చేసిన సిఫారసుల దరిమిలా ఆమె బహుళార్థ కార్యకర్తగా మారింది. టీకాలు, కుటుంబ నియంత్రణ లక్ష్యాలు, రిజిస్టర్ల నడుమ కాన్పుల పని వెనక్కి పోయింది. 2005లో వచ్చిన జననీ సురక్షా యోజన గర్భిణులను ఆస్పత్రులకు రప్పించింది. 2005-06లో 39 శాతంగా ఉన్న ఆస్పత్రి కాన్పులు 2019-21 నాటికి 89 శాతానికి చేరాయి. దాంతోపాటే శస్త్రచికిత్సలూ పెరిగాయి. అదే సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. మంత్రసాని అవసరం మళ్లీ గుర్తుకు వచ్చింది ఈ అంకెల వల్లనే. తెలంగాణ ప్రభుత్వం 2017లో కరీంనగర్ కేంద్రంగా నర్సులకు 18 నెలల ప్రత్యేక శిక్షణ ప్రారంభించగా, కేంద్రం 2018 డిసెంబరులో దేశమంతటికీ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఇలా శిక్షణ పొందినవారు కూడా ఆస్పత్రుల్లో విధులు నిర్వహించే జీతగాళ్లే.

సొంతంగా వృత్తి సాగించే మంత్రసానులు దేశంలో బహు కొద్దిమంది, అదీ కొన్ని నగరాల్లోనే. ఈ తరహా వృత్తిలో ఇల్లు కూడా నడవాలంటే ఇద్దరు ముగ్గురు జట్టుగా పనిచేసి, నెలకు ఇన్ని కాన్పులకు మించి ఒప్పుకోకుండా, ఒకరి పిల్లవాడికి పరీక్షలున్న వారంలో మరొకరు పిలుపు అందుకునే పద్ధతి తప్పదు. ఒంటరిగా పనిచేసే పల్లె మంత్రసానికి ఆ వెసులుబాటు కూడా లేదు. 2017 సవరణతో 26 వారాలకు పెరిగిన ప్రసూతి సెలవు సంస్థల్లో పనిచేసే ఉద్యోగినులకే వర్తిస్తుంది. ఊరి బిడ్డలందరికీ పురుడు పోసే మంత్రసాని తాను గర్భవతి అయితే ఎన్నో నెల వరకు పనిచేయాలో, పురిటి స్నానం అయ్యాక ఎన్నాళ్లకు మళ్లీ సంచీ భుజాన వేసుకోవాలో ఇంట్లో ఉన్న బియ్యం చూసి నిర్ణయించుకోవాల్సిందే.