బల్లమీది రైలుబండి

రైలు మన దేశానికి వచ్చిన తొలినాళ్లలో తెలుగు పండితులు దానిని ‘ధూమశకటం’ అన్నారు. కాలక్రమంలో ధూమం పోయింది, శకటం మిగిలింది. ఆ శకటాన్ని అరచేతిలో ఇమిడేంతగా కుదించి, ఇంట్లో బల్లమీద నడిపించే విద్య ఒకటి ఉంది. దానినే నమూనా రైలుమార్గ నిర్మాణం అంటారు. చూసేవారికి అది పిల్లల ఆటవలె తోస్తుంది. కాని అందులో గణితం, వడ్రంగం, విద్యుత్తు, యంత్రశాస్త్రం నాలుగూ కలిసి పనిచేయాలి. వాటిలో ఏది లోపించినా బండి రెండు మూరలు నడిచి పక్కకు ఒరుగుతుంది. కొత్తగా కొన్న బండి మొదటి వారంలోనే పదేపదే పట్టాలు తప్పితే, విసుగెత్తి దానిని అటకెక్కించినవారు అనేకులు. నిజానికి ఆ బండిలో ఏ దోషమూ ఉండకపోవచ్చు. దోషం తరచుగా పట్టాలో ఉంటుంది. దానిని వెదికి పట్టుకొనే పద్ధతి తెలిస్తే అటకమీది బండి మళ్లీ నడుస్తుంది.

ఈ విద్యకు పుట్టినిల్లు ఐరోపా. జర్మనీకి చెందిన మేర్క్లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో నిర్ణీతమైన కొలతలు గల పట్టాలతో ఆటరైళ్లను ప్రదర్శించింది. అంతకుముందు ఒకరు చేసిన బండి మరొకరు చేసిన పట్టాపై నడిచేది కాదు. కొలతలు స్థిరపడిన తరువాతనే ఆటబొమ్మ ఒక శాస్త్రంగా ఎదిగింది. జర్మనీలోని హాంబుర్గ్ నగరంలో 2001లో ప్రారంభమైన ‘మినియేచర్ వండర్‌లాండ్’ ప్రదర్శనశాలలో ఇప్పుడు 16 కిలోమీటర్లకు పైగా పట్టా ఉంది. మన దేశంలో పుణే నగరంలోని జోషి సూక్ష్మ రైల్వే ప్రదర్శనశాల 1998లో ప్రారంభమైంది.

నేడు ఎక్కువ మంది అనుసరించే కొలత 1:87. దీనికి హెచ్.ఓ. అని పేరు. ‘ఓ’ అనే పాత కొలతలో సగం కనుక ‘హాఫ్ ఓ’ అన్నారు, అదే హెచ్.ఓ. అయింది. ఇందులో రెండు పట్టాల నడుమ దూరం 16.5 మిల్లీమీటర్లు. ఐరోపా, అమెరికా దేశాలలో అసలు రైలుమార్గపు వెడల్పు 1435 మిల్లీమీటర్లు. దానిని 87తో భాగిస్తే సరిగ్గా ఈ సంఖ్యే వస్తుంది. మన దేశపు బ్రాడ్‌గేజి వెడల్పు 1676 మిల్లీమీటర్లు. అదే నిష్పత్తిలో అది 19 మిల్లీమీటర్లకు పైగా ఉండాలి. కనుక బజారులో దొరికే హెచ్.ఓ. పట్టాపై భారతీయ రైలు నమూనాను నిలిపితే బండి సరైన కొలతలో ఉన్నా కాళ్లు దగ్గరకు చేర్చి నిలుచున్నట్లు ఉంటుంది. చాలామంది దీనితో సరిపెట్టుకుంటారు. పట్టుదల గలవారు పట్టాను స్వయంగా తయారుచేసుకుంటారు. ఒకప్పుడు కాచిగూడ మీదుగా నడిచిన మీటరుగేజి బండ్లను చేయదలచినవారి పని కొంత సులువు. వారికి 12 మిల్లీమీటర్ల పట్టా దాదాపు సరిపోతుంది, అది తయారుగానే దొరుకుతుంది.

కొలతను కుదించడం తేలికే. ప్రకృతి ధర్మాలు మాత్రం కొలతతోపాటు కుదించుకుపోవు. ఈ విద్యలోని చిక్కులలో అధికభాగం ఇక్కడే పుడతాయి. పొడవు 87 రెట్లు తగ్గితే బరువు 87 రెట్లు తగ్గి ఊరుకోదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి గనుక 87ను మూడుసార్లు హెచ్చించినంత, అంటే 6,58,503 రెట్లు తగ్గుతుంది. వంద టన్నుల ఇంజను ఈ లెక్కన సుమారు 152 గ్రాములు తూగాలి. అంత తేలికైన ఇంజను చక్రం పట్టాను గట్టిగా అదమలేదు. పెట్టెలను లాగలేక జారుతుంది. అందువల్ల తయారీదారులు లోపల లోహపు దిమ్మను అమర్చి బరువు పెంచుతారు. నిజమైన ఇంజను చక్రం కింద పడిన దుమ్ము పిండి అయిపోతుంది. నమూనా ఇంజనుకు అదే దుమ్ము ఒక గోడ.

మరొక ఉదాహరణ. చక్రానికి లోపలివైపు ఒక అంచు ఉంటుంది. చక్రం పట్టా దాటి పోకుండా ఆపేది అదే. అసలు రైలులో దాని లోతు సుమారు 28 మిల్లీమీటర్లు. 87వ వంతుకు తగ్గిస్తే అది మిల్లీమీటరులో మూడోవంతు అవుతుంది. అంత చిన్న అంచుతో బండి నిలవదు కనుక నమూనాలలో దానిని సుమారు 0.6 మిల్లీమీటర్లు ఉంచుతారు. అయినా అది ఎంత? రెండు పట్టాలు కలిసేచోట అర మిల్లీమీటరు ఎగుడుదిగుడు ఉన్నదనుకుందాం. మన కంటికి అది ఆనదు. ఆ బండికి మాత్రం అది, అసలు రైలు దారిలో 4 సెంటీమీటర్లకు మించిన మెట్టుతో సమానం. అటువంటి మెట్టు ఉన్న దారిలో ఏ రైలునైనా ఎవరైనా నడపనిస్తారా?

మలుపుల విషయంలో మనమే నియమాన్ని ఉల్లంఘిస్తాం. భారతీయ బ్రాడ్‌గేజిలో అత్యంత తీవ్రమైన మలుపు వ్యాసార్ధం 175 మీటర్లు. 1:87లో అది 2 మీటర్లు. అంటే బండి ఒక్కసారి గుండ్రంగా తిరగడానికే 4 మీటర్ల గది కావాలి. సామాన్య గృహాలలో అది సాధ్యమా? అందువల్ల 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల పలకపై 438 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో పట్టా వేస్తారు. ఇది అసలు మలుపుకంటె దాదాపు నాలుగున్నర రెట్లు తీవ్రమైనది. పొడవైన ప్రయాణికుల పెట్టెలు ఇక్కడ తంటాలు పడతాయి. ఒకవైపు మలుపు ముగిసీ ముగియకముందే రెండోవైపు మలుపు మొదలైతే పక్కపక్క పెట్టెలు ఒకదానినొకటి నెట్టుకుంటాయి. ఆ రెండింటి నడుమ కనీసం ఒక పెట్టె పొడవంత తిన్నని పట్టా ఉండాలి. ఎత్తుపల్లాలలోనూ ఇంతే. ముంబయి సమీపంలోని భోర్ ఘాట్‌లో రైలు 37 మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు ఎక్కుతుంది. దేశంలో ప్రసిద్ధమైన ఏటవాలు అది. బల్లమీద కూడా మీటరుకు 3 సెంటీమీటర్లకు మించి ఎక్కించకపోవడం మేలు. ఎక్కడం ఆరంభమయ్యేచోట వంపు ఒక్కసారిగా కాక మెల్లగా రావాలి.

ఇక నిర్మాణం. పలకకు ప్లైవుడ్ అనువైనది. దాని కింద అడుగున్నరకు ఒక బద్దె చొప్పున చట్రం బిగించకపోతే కొద్ది మాసాలకే నడుమ కుంగుతుంది. రసమట్టం పెట్టి నాలుగు మూలలూ సరిచూసుకోవాలి. పట్టా అమరికను ముందు కాగితంపై గీసి, తరువాత పలకమీదికి పెన్సిలుతో ఎక్కించాలి. పలకకూ పట్టాకూ నడుమ పలుచని కార్క్ బెరడు పరిస్తే చప్పుడు తగ్గుతుంది. పట్టాలను మేకులతో బిగించేవారు మేకును చివరిదాకా కొట్టరాదు. గట్టిగా కొడితే స్లీపరు నడుమ వంగి, రెండు పట్టాలూ లోపలికి వాలి, గేజి తగ్గుతుంది. కొత్తవారి చేతిలో తరచుగా జరిగేది ఇదే.

పట్టా ముక్కలను కలపడానికి ఫిష్‌ప్లేట్లనే చిన్న లోహపు తొడుగులు ఉంటాయి. పట్టా అడుగుభాగం ఈ తొడుగులోకి దూరాలి. తొందరలో అది తొడుగు పైకి ఎక్కి కూర్చుంటుంది. పైనుంచి చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది. వంచదగిన పొడవు పట్టాను మలుపులో వేసేటప్పుడు, అతుకు దగ్గర అది తిన్నబడి కోణం తేలుతుంది. దీనికి విరుగుడు ఒకటి ఉంది. రెండు ముక్కలను తిన్నగా ఉన్నప్పుడే టంకంతో అతికి, ఆ తరువాత వంచాలి. అయితే అన్ని అతుకులకూ టంకం వేయకూడదు. 5 మీటర్ల పట్టా 25 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 2 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ సాగుదలకు చోటు లేకపోతే పట్టా పక్కకు ఉబుకుతుంది. అక్కడక్కడ అర మిల్లీమీటరు ఖాళీ వదలాలి.

పట్టాలు దారి మాత్రమే కాదు, విద్యుత్తు తీగలు కూడా. ఒక పట్టా ద్వారా ప్రవాహం ఇంజనులోని మోటారుకు చేరి, రెండో పట్టా ద్వారా తిరిగి వెళుతుంది. సాధారణంగా ఇది 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. అది అపాయకరం కాదు. పట్టాలను ‘నికెల్ సిల్వర్’ అనే మిశ్రమలోహంతో చేస్తారు. మన ఇళ్లలో పూజాసామగ్రికి వాడే జర్మన్ సిల్వర్ ఇదే. పేరులో వెండి ఉన్నా రాగి, నికెలు, తుత్తునాగం తప్ప వెండి ఇందులో లేదు. పూర్వం ఇత్తడి పట్టాలు వాడేవారు. ఇత్తడిపై పట్టే చిలుము విద్యుత్తును అడ్డగిస్తుంది. ఈ లోహానికి ఆ బాధ తక్కువ. ఫిష్‌ప్లేట్లను మాత్రమే నమ్ముకుంటే కొంతకాలానికి అవి వదులై ప్రవాహం సన్నగిల్లుతుంది. ప్రతి మీటరుకు ఒకచోట పలక కిందనుంచి తీగ తెచ్చి పట్టాకు టంకం వేయడం శాశ్వతమైన ఏర్పాటు. దారి చుట్టు తిరిగి తనను తానే కలుసుకొనే విధంగా పట్టా వేస్తే కుడిపట్టా వెళ్లి ఎడమపట్టాను తాకుతుంది, షార్ట్ సర్క్యూట్ అవుతుంది. అటువంటిచోట కొంతభాగాన్ని విడదీసి ప్రత్యేకమైన స్విచ్చి పెట్టాలి.

బండి తప్పింది. ఇప్పుడేం చేయాలి? చాలామంది వెంటనే బండిని విప్పుతారు, పట్టాను పీకుతారు, తీగలు మారుస్తారు. మూడు పనులు ఒక్కసారే చేయడం వల్ల లోపం సర్దుకున్నా దేనివల్ల సర్దుకున్నదో తెలియదు. మన తర్కశాస్త్రం కారణాన్ని నిర్ణయించడానికి అన్వయం, వ్యతిరేకం అనే రెండు మార్గాలు చెప్పింది. కారణమున్నచోట కార్యం ఉండడం అన్వయం. కారణం లేనిచోట కార్యం లేకపోవడం వ్యతిరేకం. ఈ చిన్న బండి విషయంలో అవి అక్షరాలా పనికివస్తాయి. అన్ని పెట్టెలూ ఒకేచోట తప్పితే దోషం పట్టాది. ఒకే పెట్టె అన్నిచోట్లా తప్పితే దోషం ఆ పెట్టెది. ఒకే పెట్టె ఒకేచోట తప్పితే రెండింటిలోనూ కొంత కొంత దోషం ఉండి, అవి అక్కడ కలుసుకున్నాయని గ్రహించాలి.

తప్పినచోట స్లీపరుపై పెన్సిలుతో గుర్తు పెట్టాలి. పడిన చోటుకంటె చక్రం మొదట పట్టా విడిచిన చోటు ముఖ్యం. అది ఒకటి రెండు జానల వెనుక ఉండవచ్చు. ఇంజను లేకుండా ఒక్క పెట్టెను వేలితో మెల్లగా తోస్తే ఎక్కడ ఎగురుతుందో వేలికే తెలుస్తుంది. తరువాత దిశ మార్చాలి. ఒక దిశలో తప్పి, మరో దిశలో సాఫీగా పోతే అతుకు దగ్గర మెట్టు ఉన్నదని అర్థం. చక్రం మెట్టు దిగేటప్పుడు పడదు, ఎక్కేటప్పుడే తన్నుకుంటుంది. ఆ అతుకుపై గోటిని రెండువైపులా నడిపిస్తే మెట్టు దొరుకుతుంది. పట్టా ఫిష్‌ప్లేటు పైకెక్కి ఉంటే తీసి సరిగా దూర్చాలి, లేకపోతే సన్నని ఆకురాయితో అంచు రుద్దాలి. అప్పటికీ తేలకపోతే తలవంచి, పట్టా ఎత్తుకు కన్ను తెచ్చి, పట్టా వెంబడి దూరంగా చూడాలి. పైనుంచి తిన్నగా తోచిన దారిలోని వంకరలు అప్పుడు బయటపడతాయి.

పెట్టెలోనే దోషమైతే మొదట చక్రాల నడుమ కొలత చూడాలి. ఒకే ఇరుసుపై ఉన్న రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య సుమారు 14.4 మిల్లీమీటర్లు ఉండాలి. అది తగ్గినా పెరిగినా తిన్నని దారిలో బండి నడుస్తుంది, పాయింట్ల దగ్గరకు రాగానే తప్పుతుంది. పాయింట్ల దగ్గర తప్పిన ప్రతిసారీ చక్రాలనే నిందించరాదు. నాలుకవలె కదిలే పట్టాకూ పక్కపట్టాకూ నడుమ ఒక్క కంకరగింజ ఇరుక్కున్నా అది పూర్తిగా మూసుకోదు.

బండి ఆగిపోవడం వేరొక వ్యాధి, దానికి రెండు లక్షణాలున్నాయి. దూరం పోయినకొద్దీ క్రమంగా నెమ్మదిస్తే అది విద్యుత్తు తగ్గుదల. మల్టీమీటరుతో రెండు చివరలా వోల్టులు చూస్తే తేడా తెలుస్తుంది. ఉన్నట్టుండి ఒకచోట ఆగి, వేలు తగలగానే కదిలితే అది మురికి, లేదా ప్రవాహం అందని ముక్క. మురికిని ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన నూలుగుడ్డతో తుడవాలి. గరుకు కాగితంతో రుద్దితే ఆనాటికి మెరుస్తుంది కాని, పడిన గీతలలో మురికి మరింత త్వరగా చేరుతుంది. పట్టాలు తుడిచి చక్రాలు తుడవకపోవడం సగం పని. చక్రాలే మురికిని ఊరంతా పంచుతాయి.

అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యార్థులు 1946లో స్థాపించుకున్న నమూనా రైలు సంఘంలో కొందరికి పట్టాలపై తిరిగే బండికంటె బల్ల కింద ఉన్న తీగలమీదనే మక్కువ ఎక్కువ. పాత టెలిఫోను పరికరాలతో వారు బండ్లను నియంత్రించే వ్యవస్థను కట్టారు. కంప్యూటరు పరిభాషలో ‘హ్యాకర్’ అనే మాటకు మూలం వారి వాడుకలో ఉన్నదంటారు. తప్పు ఎక్కడుందో వెదకడంలోని రుచి మరిగినవారికి బండి నడవడం ఒక సాకు మాత్రమే.

అన్నీ సరిచేసిన తరువాత కూడా ఒక దోషం మిగులుతుంది. అది మొదటి ఏడాది కనబడదు. వర్షాకాలపు తేమకు చట్రం ఉబ్బుతుంది, ఎండాకాలంలో చెక్క ఎండి ముడుచుకుంటుంది. మార్చిలో సాఫీగా ఉన్న అతుకు ఆగస్టులో అలాగే ఉండదు. పట్టా పక్కన కంకర పోసి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో అతికించినవారు అప్పుడు దానిని కదపలేరు, పెళ్లగించవలసి వస్తుంది. అందుచేత అనుభవజ్ఞులు కొందరు ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచేదాకా బండిని ఒట్టి పట్టాలపైనే నడిపిస్తారు. కంకర సంచి అంతవరకు బల్ల కిందనే ఉంటుంది.