బెకిమ్ ఫెహ్మియు: వేదిక విడిచిన నటుడు

బాల్కన్ దేశాలనగానే మన చరిత్ర విద్యార్థులకు ముందుగా స్ఫురించేది సారయేవో నగరం, 1914లో అక్కడ పేలిన తుపాకి. ఆ నగరంలోనే 1936 జూన్ 1వ తేదీన జన్మించిన ఒక నటుని గురించి ఈ వ్యాసంలో ముచ్చటింపదలచాము. ఆయన పేరు బెకిమ్ ఫెహ్మియు. ఐరోపాలో ఒక తరం ప్రేక్షకులకు హోమర్ మహాకవి సృష్టించిన ఒడిస్యూస్ అంటే ఆయన ముఖమే. రంగస్థలం మీద, వెండితెర మీద అంతటి కీర్తి గడించిన ఆ మనిషి 1987లో బెల్‌గ్రేడ్ నగరంలో నాటకం ఆడుతూ ఆడుతూ, ప్రదర్శన నడుమనే వేదిక దిగి వెళ్ళిపోయాడు. మరల ఆ వేదిక ఎక్కలేదు. అందుకు కారణం గ్రహించాలంటే ఆయన ఏ నేల మీద, ఏ భాషల నడుమ పెరిగాడో ముందుగా తెలుసుకొనవలసి ఉంటుంది.

నాటి యుగోస్లావియాలో ఆరు రిపబ్లిక్కులు, సెర్బియా రిపబ్లిక్కులో అంతర్భాగంగా రెండు స్వయంపాలిత మండలాలు ఉండేవి. ఆ మండలాలలో ఒకటి కొసోవో. అక్కడి జనులలో అధిక సంఖ్యాకులు అల్బేనియన్లు. వారి భాషకు సెర్బియన్ వంటి స్లావ్ భాషలతో దగ్గరి చుట్టరికం లేదు. మతం చేత వారిలో ఎక్కువమంది ముస్లిములు. ఫెహ్మియు కుటుంబం కొసోవోలోని జ్యాకోవా పట్టణానికి చెందినది. బెకిమ్ అనే మాటకు అల్బేనియన్ భాషలో ఆశీర్వాదమని అర్థం. ఇంటిపేరులోనేమో అరబ్బీ నుండి తుర్కీ మీదుగా బాల్కన్ చేరిన ‘ఫెహ్మీ’ అనే పేరు వినిపిస్తుంది. ఉర్దూ చదివిన మన విద్యార్థులకు ‘ఫహ్మ్’ అనగా అవగాహన అని వేరుగా చెప్పనక్కరలేదు.

బాల్యంలో కొంతకాలం అల్బేనియాలోని ష్కోడర్ పట్టణంలో గడిపి, పిమ్మట ఆయన కొసోవోలోని ప్రిజ్రెన్‌లో పెరిగాడు. ప్రిజ్రెన్ ఒక చిత్రమైన ఊరు. బిస్ట్రిత్సా అనే చిన్న నది ఊరి నడుమ ప్రవహిస్తుంది. దాని మీద పాతకాలపు రాతివంతెన, చేరువనే సినాన్ పాషా మసీదు, కొద్దిదూరంలో సనాతన క్రైస్తవుల ప్రాచీన దేవాలయం. వీధులలో అల్బేనియన్, తుర్కీ, సెర్బియన్ మూడూ వినిపిస్తాయి. గడప దాటగానే భాష మారిపోయే ఊళ్ళు మన పాఠకులకు కొత్తవి కావు గనుక దీనిని ఇంతకన్న వర్ణింపము. ఆ ఊరి పాఠశాల నాటక సమాజంలోనే బెకిమ్ మొదటిసారి ముఖానికి రంగు పూసుకున్నాడు. తరువాత ప్రిష్టినాలోని రంగశాలలో నటించాడు. అల్బేనియన్ భాషలో నాటకాలాడే వృత్తి రంగశాల అది. అక్కడి నుండి బెల్‌గ్రేడ్ వెళ్ళి నాటక విద్యాలయంలో చేరి 1960లో పట్టభద్రుడైనాడు. వెంటనే యుగోస్లావ్ డ్రామా థియేటర్ ఆయనను తన నటవర్గంలోనికి తీసుకున్నది. ఇంటి భాషలో కాక వేరొక భాషలో, ఆ భాష తమదైన నటుల సరసన, రాజధాని ప్రేక్షకుల యెదుట ప్రధాన పాత్రలు ధరించుట ఎంత సాధనకు ఫలమో, రెండవ భాషలో పరీక్షలు వ్రాసే మన విద్యార్థులు సులభంగానే ఊహింపగలరు.

1967లో ఆయన ఆ ఉద్యోగం వదలి స్వతంత్ర నటుడైనాడు. ఆ సంవత్సరమే అలెగ్జాండర్ పెట్రోవిచ్ దర్శకత్వంలో ‘ఈకలు ఏరేవారు’ అనే అర్థం గల పేరుతో ఒక చిత్రం విడుదలైనది. బాతు ఈకలు కొని అమ్ముకొనే రోమా జాతివారి కథ అది. కథానాయకుడు బోరా తాగుబోతు, జూదరి, కలహప్రియుడు. ఒక ఘట్టంలో గాయని పాడుతుండగా అతడు పగిలిన గాజుముక్కల మీద అరచేతులు మోది, నెత్తురోడుతున్న చేతులతో పాటలో లీనమై ఉండిపోతాడు. చివరకు ఈకల గుట్టల నడుమ కత్తిపోరులో హంతకుడౌతాడు. ఇట్టివానిని మంచివాడుగా చూపించుటకు ఫెహ్మియు ఏమాత్రం ప్రయత్నింపడు, క్షమాపణ కోరడు. అయినా మనం అతని నుండి చూపు మరల్చలేము. మా అభిప్రాయంలో ఆయన నటనలోకెల్ల శ్రేష్ఠమైనది ఇదే. ఆ చిత్రానికి 1967 కాన్ చలనచిత్రోత్సవంలో జ్యూరీ ప్రత్యేక బహుమతి లభించినది. ఆస్కార్ పురస్కారానికి విదేశీ చిత్రాల విభాగంలో పరిశీలనకు నిలిచినది.

ఇచ్చట ఒక చిన్న ప్రసంగాంతరం. ఆ చిత్రంలోని సంభాషణలు చాలవరకు రోమానీ భాషలో ఉన్నాయి. రోమా ప్రజల పూర్వులు సుమారు వేయి సంవత్సరాల క్రిందట భారతదేశం నుండి వలస వెళ్ళినవారు. వారు ఒకటి నుండి ఐదు వరకు లెక్కపెట్టేది ‘యేక్, దుయ్, త్రిన్, ష్తార్, పాంజ్’ అని. నీటిని ‘పాని’ అంటారు, చెవిని ‘కాన్’ అంటారు. మన కళాశాల ఆవరణలో ఉర్దూ తెలిసిన ఏ విద్యార్థి అయినా ఆ చిత్రం చూస్తూ ఉలిక్కిపడకుండునా? ఆ చిత్రంలో వినిపించే ‘జెలెమ్ జెలెమ్’ పాటనే కొత్త సాహిత్యంతో 1971లో లండన్‌లో జరిగిన ప్రపంచ రోమా మహాసభ తమ జాతీయగీతంగా స్వీకరించినది.

1968లో ఇటలీ ప్రభుత్వ టెలివిజన్ సంస్థ ‘ఒడిస్సీ’ కావ్యాన్ని ధారావాహికగా ప్రసారం చేసినది. దర్శకుడు ఫ్రాంకో రోసీ. పెనెలోపీగా గ్రీకు నటి ఇరీన్ పాపాస్, ఒడిస్యూస్‌గా ఫెహ్మియు నటించారు. ప్రతి భాగానికి ముందు ఇటాలియన్ మహాకవి ఉంగరెట్టి స్వయంగా కావ్యభాగాలను పఠించేవాడు. ఇటలీలో ఫెహ్మియు గొంతు వినిపించలేదు. వేరొకరు డబ్బింగు చెప్పారు. అనగా ఆయనకు మిగిలినవి కన్నులు, నిలకడ, నడక మాత్రమే. వాటితోనే అలసిన యోధుని, ఇల్లు చేరవలెనని తపించే గృహస్థుని సాక్షాత్కరింపజేశాడు. ఆయన భార్య, నటీమణి బ్రాంకా పెట్రిచ్. ఆ సంవత్సరమే పుట్టిన కుమారునికి ఆ దంపతులు ఉలిక్స్ అని నామకరణం చేశారు. ఒడిస్యూస్‌కు లాటిన్ మీదుగా వచ్చిన పేరు అది.

తరువాత హాలీవుడ్ పిలిచినది. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో తూర్పు ఐరోపా నుండి వచ్చి అక్కడ కథానాయక పాత్ర పొందుట అరుదైన విషయం. కాని 1970లో వచ్చిన ‘ది అడ్వెంచరర్స్’ భారీ వ్యయంతో తీసిన డొల్ల చిత్రం. విమర్శకులు దానిని చీల్చిచెండాడారు. 1977లో ‘బ్లాక్ సండే’ చిత్రంలో ఆయనకు దక్కినది మహమ్మద్ ఫాసిల్ అనే ఉగ్రవాది వేషం. ఇట్టి పేరు గల పాత్రకు అక్కడి రచయితలు ఏ పని అప్పగింతురో మనకు తెలియనిది కాదు. అదే సంవత్సరం స్వదేశంలో గోరన్ మార్కోవిచ్ తీసిన ‘ప్రత్యేక శిక్షణ’ అనే చిత్రంలో, దారితప్పిన బాలుర శిక్షణాలయంలో పిల్లలను కొట్టక, బెదిరింపక, నమ్మి చూచే ఒక ఉపాధ్యాయునిగా నటించాడు. అధ్యాపక వృత్తిలోని మాకు హాలీవుడ్ చిత్రాలన్నింటికంటె ఈ చిన్న చిత్రమే మిన్న.

ఇక 1987 మాట. 1980లో టిటో మరణించాడు. మరుసటి సంవత్సరం ప్రిష్టినా విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆందోళన ప్రారంభించారు. కొసోవోకు రిపబ్లిక్ హోదా కావాలన్న కోరిక దేశమంతట వినిపించినది. ప్రభుత్వం అత్యవసర పరిస్థితి విధించి ఉద్యమాన్ని అణచివేసినది. కొసోవోలోని సెర్బులకూ తమ బాధలు తమకు ఉండేవి. వాటిని తీర్చుటకు బదులు వాటి మీద రాజకీయం నడిపినవారు బలపడినారు. బెల్‌గ్రేడ్ పత్రికలలో అల్బేనియన్లను ఒక జాతిగా నిందించే ధోరణి నానాటికి పెచ్చుపెరిగినది. ఫెహ్మియు ఇల్లు ఆ నగరంలోనే, ఇల్లాలు సెర్బియన్ రంగస్థల నటి, తోటి నటులు మిత్రులు. ‘మదాం కొలొంతాయ్’ నాటక ప్రదర్శన నడుమ ఆయన వేదిక దిగినది ఆ వాతావరణానికి నిరసనగానే.

ఉపన్యాసాలివ్వలేదు, ఏ పక్షంలోనూ పదవి కోరలేదు, ఊరు విడిచి పారిపోలేదు. ఆ తరువాత ఇటాలియన్ టెలివిజన్‌లో కొద్దిపాటి వేషాలు వేశాడు గాని తన దేశపు రంగస్థలానికి మాత్రం దూరంగానే ఉండిపోయాడు. నటుడు వేదిక మీద ఉండియే పోరాడవలెను, మౌనం వలన అన్యాయానికి నష్టమేమి అని కొందరు అనవచ్చు. ఆ వాదంలో బలం లేకపోలేదు. కాని నటునికి ప్రేక్షకులతో ఒక ఒప్పందం ఉంటుంది. తన జాతిని ఉదయం పత్రికలో దూషించి, రాత్రి తన నటనకు చప్పట్లు కొట్టే సభ ఎదుట ఆ ఒప్పందం నిలుచునా? యాబది ఏండ్ల వయస్సులో, ప్రతిభ పండిన దశలో, తన జీవనాధారమైన దానినే త్యజించుట సులభమైన నిరసన కాదని మేము తలుస్తున్నాము.

1989లో కొసోవో స్వయంపాలన రద్దయినది. 1991 నుండి యుగోస్లావియా ముక్కలైనది. 1998, 1999 సంవత్సరాలలో కొసోవోలో యుద్ధం సాగినది, బెల్‌గ్రేడ్ మీద నాటో బాంబులు కురిసినవి. ఆ కాలమంతా ఫెహ్మియు బెల్‌గ్రేడ్‌లోనే ఉన్నాడు. 2001లో ‘ఉజ్జ్వలం, భయానకం’ అనే అర్థం గల పేరుతో తన ఆత్మకథను ప్రకటించాడు. అందులో కాన్ లేదు, హాలీవుడ్ లేదు. 1955 వరకు, అనగా ప్రిజ్రెన్ బాలుడు పెద్దవాడయ్యే దాకా మాత్రమే కథ నడుస్తుంది. 2008లో కొసోవో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది. సెర్బియా దానిని అంగీకరించలేదు.

2010 జూన్ 15న, డెబ్బది నాలుగవ ఏట, ఆయన బెల్‌గ్రేడ్‌లోని తన ఇంటిలో మరణించాడు. అది ఆత్మహత్యయని అధికారులు ప్రకటించారు. దానికి కారణాలు ఊహించి వ్రాయుట మర్యాద కాదు గనుక ఆ జోలికి పోము. చితాభస్మాన్ని ప్రిజ్రెన్‌లో, చిన్ననాటి బిస్ట్రిత్సా నదిలో కలిపారు. ఆ ఊరి రంగశాలకు నేడు ఆయన పేరు ఉన్నది.

2015లో సెర్బియన్, అల్బేనియన్ నటులు కలసి షేక్స్‌పియర్ ‘రోమియో అండ్ జూలియట్’ నాటకాన్ని మొదట బెల్‌గ్రేడ్‌లో, ఆ పిమ్మట ప్రిష్టినాలో ప్రదర్శించారు. రోమియో కుటుంబం అల్బేనియన్‌లో, జూలియట్ కుటుంబం సెర్బియన్‌లో మాట్లాడుతుంది. ఆ నటవర్గంలో ఉలిక్స్ ఫెహ్మియు కూడ ఉన్నాడు.