అరకు వెళ్దాం సరే... రైల్లోనా, రోడ్డు మీదా?

దసరా సెలవులు అయిపోయాయంటే ఉత్తరాంధ్ర ఇళ్ళల్లో ఒక్కటే మాట. "ఈ కార్తీకంలో అరకు వెళ్ళొద్దామా?" అవును మరి, వెళ్తే ఇప్పుడే వెళ్ళాలి. వానలు వెనకపట్టి కొండలు కడిగినట్టు పచ్చగా ఉంటాయి. వాగుల్లో నీళ్ళు ఇంకా తగ్గవు. పొద్దుటిపూట లోయల్లోకి మంచు దిగుతుంది. నవంబరు వచ్చేసరికి గిరిజనుల పొలాల్లో వలిసె పూస్తుంది. నూనె గింజల కోసం వేసే ఈ పంట పూతకొచ్చిందంటే కొండవాలంతా పసుపు చల్లినట్టే!

వెళ్ళాలా వద్దా అన్న చర్చ ఏ ఇంట్లోనూ ఉండదు. ఎలా వెళ్ళాలన్నదే చర్చ. అందులో మన మాట ఎంతమంది అడుగుతారు? "కారు మాట్లాడేశాను, ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాలి" అని శ్రీవారు చెప్పేసరికే అంతా అయిపోయి ఉంటుంది. రాత్రి పదకొండు దాకా పులిహోర కలిపి, మూడింటికే లేచి, పిల్లల్ని తయారుచేసి, ఘాట్ రోడ్డు మీద ఒక చేత్తో వాంతుల కవరు, ఇంకో చేత్తో అత్తగారి మాత్రల సంచీ పట్టుకుని కూర్చున్న ఇల్లాలికి కొండ ఏం కనిపిస్తుంది చెప్పండి!

అందుకే బండి మాట్లాడక ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోండి. తేల్చుకోవలసింది ఒక్కటే: మన ఇంట్లో ఎవరికి ప్రయాణం ఎక్కువ కష్టం? వాళ్ళని బట్టే బండి.

రైల్లో వెళ్తే...

విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్ళే బండి ఉదయం ఏడు లోపే బయల్దేరుతుంది. సుమారు నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. ఈ లైను అసలు యాత్రికుల కోసం వేసింది కాదు. బైలదిల్లా గనుల్లోని ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపడానికి 1960లలో జపాన్ సహకారంతో వేశారు. శృంగవరపుకోట దాటాక కొండ మొదలవుతుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ... ఒక్కో స్టేషనూ ఒక్కో మెట్టు. శిమిలిగుడ 996 మీటర్ల ఎత్తున ఉంది. దేశంలో బ్రాడ్ గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తయినదిగా చాలా ఏళ్ళు పేరు మోసింది. దారిలో 50కి పైగా సొరంగాలు. చీకటి పడగానే బోగీలో పిల్లలంతా ఒక్కసారి కేకలు!

రైలుకి నిటారుగా ఎక్కే శక్తి లేదు. అందుకే పట్టాల్ని కొండ చుట్టూ నిదానంగా, పెద్ద పెద్ద వంపులతో వేస్తారు. రోడ్డు మీద హెయిర్‌పిన్ మలుపుల్లాగా ఇవి కడుపులో తిప్పవు. పిల్లలు అటూ ఇటూ తిరగొచ్చు. పెద్దవాళ్ళు కాళ్ళు చాపుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, బండిలో బాత్‌రూమ్ ఉంటుంది. దారిలో సౌకర్యం ఉండదని భయపడి పొద్దున్నించి గుక్కెడు నీళ్ళు తాగకుండా కూర్చునే ఆడవాళ్ళు మనలో ఎంతమంది లేరు? సాయంత్రానికి తలనొప్పి, మర్నాటికి మూత్రంలో మంట. ఈ ఒక్క కారణం చాలు రైలుకి ఓటు వేయడానికి.

2017లో ఈ బండికి అద్దాల బోగీ తగిలించారు. విస్టాడోమ్ అంటారు. పైకప్పుకీ అద్దాలే, కుర్చీలు ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. చార్జీ ఎక్కువే. అంత ఖర్చు ఎందుకనుకుంటే మామూలు బోగీలో కిటికీ పక్కన కూర్చున్నా అదే కొండ, అదే లోయ. కార్తీక మాసం శని, ఆదివారాల్లో టికెట్లు దొరకడం కష్టం. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తున్నారు కాబట్టి దసరా ముందే చేయించుకోండి. వీలైతే మామూలు రోజుల్లో వెళ్ళండి.

ఇబ్బంది లేదా అంటే ఉంది. గూడ్సులు ఎక్కువగా తిరిగే లైను, ఆలస్యం మామూలే. పెద్ద వానలు పడితే పట్టాల మీద బండరాళ్ళు పడి బండ్లు ఆగిపోతుంటాయి. ఇంకోటి, నచ్చిన చోట దిగుదామంటే కుదరదు.

రోడ్డు మీద వెళ్తే...

విశాఖ నుంచి అరకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. నచ్చిన చోట ఆగొచ్చు, అదే దీని అందం. అనంతగిరి దగ్గర కాఫీ తోటలు, వాటికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు, ఆ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు. నవంబరులో కాఫీ పళ్ళు ఎర్రబడి కోతకొస్తాయి. మన అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇవన్నీ దగ్గరగా చూడాలన్నా, గాలికొండ మీద నిలబడి లోయ చూడాలన్నా రోడ్డే దారి. అయిదారుగురు కలిస్తే కారు ఖర్చు కూడా కలిసొస్తుంది.

కానీ బండి మాట్లాడే ముందు రెండు ప్రశ్నలు అడిగించండి. డ్రైవరుకి ఘాట్ రోడ్డు అలవాటుందా? రాత్రి నిద్ర పోయాడా? దిగేటప్పుడు అదే పనిగా బ్రేకు తొక్కుతూ వస్తే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. అనుభవం ఉన్నవాడు చిన్న గేరులో ఉంచి ఇంజను బిగువు మీదే బండిని దింపుతాడు. 2021 ఫిబ్రవరిలో అరకు నుంచి తిరిగొస్తున్న టూరిస్టు బస్సు అనంతగిరి దగ్గర లోయలో పడి నలుగురు చనిపోయారు. భయపెట్టడానికి కాదు చెప్పేది. "ఇంకో గంట ఉందాం, ఏం కాదు" అని ఎవరైనా అంటే కాదనడానికి మీకు ధైర్యం రావాలని. చీకటి పడేలోపు శృంగవరపుకోట చేరాలన్నది లెక్క పెట్టుకోండి.

ఆర్టీసీ బస్సు ఉందిగా?

లేకేం! 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆంధ్రప్రదేశ్ మహిళలకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో టికెట్టు లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. మీరెక్కేది ఆ రకం బస్సో కాదో కండక్టర్ని అడిగి ఎక్కండి. నలుగురు స్నేహితురాళ్ళు కలిసి వెళ్ళాలంటే ఇంతకన్నా చవక లేదు. వెనక సీట్లలో కుదుపు ఎక్కువ, ముందు వైపు చూసుకోండి. పసిపిల్లలతో, మోకాళ్ళ నొప్పుల వాళ్ళతో మాత్రం కష్టమే.

మరి ఎవరికి ఏది?

ఇంట్లో పెద్దవాళ్ళు, షుగరున్నవాళ్ళు, గర్భిణులు, బండెక్కితే వాంతులయ్యే పిల్లలు ఉంటే ఎక్కడం రైల్లోనే ఎక్కండి. గర్భిణులు ముందు డాక్టరుని అడగాలి. అందరూ ఆరోగ్యంగా ఉండి, ఆగుతూ చూస్తూ వెళ్ళాలనుకుంటే కారు. రెండూ కావాలంటారా? ఎక్కేటప్పుడు రైలు, దిగేటప్పుడు రోడ్డు పెట్టుకోండి. పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నానికి అరకు. రాత్రి అక్కడే బస. మర్నాడు అక్కడి టాక్సీ మాట్లాడుకుని పెందరాళే బయల్దేరితే బొర్రా గుహలు, కాఫీ తోటలు చూసుకుంటూ వెలుతురుండగానే కిందికి దిగొచ్చు. బొర్రాలో మెట్లు చాలా ఉంటాయి, తడికి జారుతాయి. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారిని బలవంతం చేయొద్దు. ఆవిడకి తోడుగా బయట కూర్చునే వంతు కూడా మీ ఒక్కరిదే కాకుండా చూసుకోండి.

కడుపులో తిప్పకుండా...

బండి మలుపు తిరుగుతోందని చెవిలోని నాడులు చెబుతుంటాయి. ఫోనులోనో, పుస్తకంలోనో ఉన్న కళ్ళు కదలడం లేదని చెబుతుంటాయి. ఈ పేచీలోంచే వాంతి పుడుతుంది. కాబట్టి ఘాట్ మీద ఫోను లాగేసుకోండి. దూరంగా ఉన్న కొండని చూడమనండి. పెద్ద పిల్లలైతే డ్రైవరు పక్క సీటు ఇవ్వండి. ఖాళీ కడుపూ వద్దు, నిండా తిండీ వద్దు. రెండు ఇడ్లీలు కారప్పొడితో చాలు. అల్లం మురబ్బా బుగ్గన పెట్టుకుంటే కొంత నయం. మాత్ర వేయాలంటే డాక్టరుని అడిగి బయల్దేరడానికి అరగంట, గంట ముందే వేయాలి. వాంతి మొదలయ్యాక వేస్తే అది కూడా బయటికొచ్చేస్తుంది. చెవులు దిబ్బడేస్తే గుటకలు వేయమనండి, చంటిపిల్లకి పాలివ్వండి.

సంచీలో ఏముండాలి?

చింతపండు పులిహోర రోజంతా నిలవుంటుంది. కొబ్బరి పచ్చడి మాత్రం తీసుకెళ్ళకండి, మధ్యాహ్నానికే పాడవుతుంది. దద్దోజనంలో పెరుగు తగ్గించి పాలు ఎక్కువ పోస్తే పులవదు. స్వెటర్లు, మంకీ క్యాపులు పైనే పెట్టండి. దిగగానే కావలసినవి అవే. కార్తీకం పట్టనివాళ్ళు బొంగులో చికెన్ రుచి చూడొచ్చు. పచ్చి వెదురు గొట్టంలో కూరి నిప్పుల మీద కాలుస్తారు, చుక్క నూనె పడదు. ఎప్పుడో కాల్చి పెట్టింది కాకుండా మీ కళ్ళెదుటే కాల్చమనండి.

ఇవి తుఫానుల రోజులని మరిచిపోకండి. హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడింది 2014 అక్టోబరు 12న. వాయుగుండం మాట వినగానే టికెట్టు డబ్బులు పోయినా సరే, ప్రయాణం వారం వాయిదా వేయండి. కొండ ఎక్కడికీ పోదు.

ఇక టికెట్లు తీసేటప్పుడే ఒక మాట చెప్పి పెట్టండి. సొరంగాలు మొదలయ్యాక డబ్బాలు తీయడం, ప్లేట్లు సర్దడం ఉండదని. తిండి సంచీ మీ వారికి అప్పజెప్పండి. కిటికీ పక్క సీటు ఒకటి మీ పేరు మీద ఉండాలి.